విశాఖ యాత్రకు పోతున్నారా? చోట్లు కాదు, గంటలు లెక్కపెట్టండి

ఉప్పల్: సెలవులు దగ్గర పడ్డాయంటే శుక్రవారం సాయంత్రాలు ఉప్పల్ చౌరస్తా రూపు మారిపోతుంది. వరంగల్, యాదగిరిగుట్ట బస్సుల కోసం కాచుకున్న జనం మధ్యలో దుప్పట్లు, నీళ్ళ డబ్బాలు, పులిహోర డబ్బాలు పట్టుకున్న కుటుంబాలు గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. పిల్లలు మెట్రో స్తంభాల చుట్టూ పరుగులు తీస్తుంటారు. ముసలివాళ్ళు సంచుల మీదే కూర్చుని ఉంటారు. వీరంతా టూరు బస్సు కోసం చూస్తున్నవారే. కొందరు తిరుపతికి, కొందరు శ్రీశైలానికి. వారిలో విశాఖపట్నం పోయేవారు కూడా తక్కువేమీ కాదు.

మన జిల్లాకు సముద్రం లేదు. ఘట్‌కేసర్, కీసర, శామీర్‌పేట పల్లెల్లో పుట్టి పెరిగిన వారికి పెద్ద నీళ్ళంటే చెరువే. ఉప్పల్ నుంచి విశాఖకు రోడ్డు మార్గాన ఆరు వందల కిలోమీటర్ల పైమాటే. సినిమాలోనో టీవీలోనో తప్ప కెరటాన్ని ఎరుగని వారు నేటికీ ఎందరో ఉన్నారు. అటువంటి వారు జీవితంలో ఒక్కసారి పెట్టుకునే ప్రయాణం ఇది. అందుకే ఏ టూరు ఎంచుకోవాలనేది చిన్న ప్రశ్న కాదు.

టూరు కరపత్రాలకు కొరత లేదు. ఉప్పల్, నాచారం, హబ్సిగూడ వీధుల్లో కిరాణా కొట్టు గోడకు ఒకటి, జిరాక్స్ షాపు అద్దానికి ఒకటి అంటించి ఉంటాయి. ఇప్పుడు సెల్‌ఫోన్లలోనూ వస్తున్నాయి. వాటి మీద అచ్చయిన సముద్రం చాలాసార్లు విశాఖది కాదు. తెల్లటి ఇసుక, వంగిన కొబ్బరి చెట్లు, గాజు రంగు నీళ్ళు. అది ఏ దేశపు ద్వీపమో అచ్చు వేయించిన వారికే తెలియాలి. విశాఖ తీరం అందం వేరు. అక్కడ కొండలు వచ్చి సముద్రంలో కాలు పెట్టినట్టుంటాయి. ఆ బొమ్మ వేసినా జనం వెళ్తారు.

పదకొండు మంది, రెండు కాగితాలు

నాచారం పారిశ్రామికవాడ పక్కనున్న ఒక బస్తీలో పదకొండు మంది కలిసి విశాఖ యాత్ర పెట్టుకున్నారు. నలుగురు ఫ్యాక్టరీ పనివారు, వారి ఇల్లాళ్ళు, ఇద్దరు పిల్లలు, ఒక పెద్దమ్మ. ఆడవాళ్ళు నెల నెలా చిట్టీ వేసి రెండేళ్ళు కూడబెట్టిన డబ్బు అది. ఆ పెద్దమ్మ ఘట్‌కేసర్ దగ్గరి పల్లె నుంచి కొడుకు దగ్గరకు వచ్చి ఉంటున్నారు. వయసు డెబ్బై అయిదు దాటింది. మోకాళ్ళ నొప్పులు. కొడుకు చీటీ మీద నాచారం ఈఎస్ఐ ఆసుపత్రిలో మందులు తెచ్చుకుంటున్నారు.

"గుళ్ళు మస్తుగ చూసిన బిడ్డా. సముద్రం ఒక్కపారి చూపిస్తే చాలు. దాని ఒడ్డున జరసేపు కూసుంటా" అన్నది ఆమె కోరిక.

వారి చేతికి రెండు కాగితాలు వచ్చాయి. మొదటిది చవక. శుక్రవారం రాత్రి ఉప్పల్‌లో ఎక్కించుకుని సోమవారం పొద్దున మళ్ళీ ఉప్పల్‌లోనే దింపుతారు. అరకు, బొర్రా గుహలు, సింహాచలం, కైలాసగిరి, జలాంతర్గామి, ఋషికొండ, భీమిలి... అన్నీ కలిపి ఇరవై ఒక్క చోట్లు. రెండో దానిలో ఎనిమిదే చోట్లు. తలకు పదిహేను వందలు ఎక్కువ. బస్తీలో అందరి చూపూ సహజంగానే మొదటి కాగితం మీద పడింది. తక్కువ డబ్బుకు ఎక్కువ చోట్లు వస్తుంటే ఎవరు కాదంటారు?

అడ్డు చెప్పింది లేత్ మెషీన్ మీద పనిచేసే ఒక ఫిట్టరు. షిఫ్టుల లెక్క తెలిసిన మనిషి. కరపత్రం వెనుక తెల్ల భాగం మీద పెన్సిలుతో గంటలు వేశాడు. రాత్రి ఎనిమిదికి బస్సు కదిలితే విశాఖ చేరేసరికి తొమ్మిది. లాడ్జిలో స్నానాలు ముగించి బయటపడేసరికి పదకొండు. శనివారం చీకటి పడేలోగా ఏడు గంటలు. ఆదివారం పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా పన్నెండు. మొత్తం పందొమ్మిది. అరకుకు ఘాట్ రోడ్డు మీద 115 కిలోమీటర్లు. పోయి రావడానికే ఏడు గంటలు తీసేయాలి. టిఫిన్లకు, భోజనాలకు నాలుగు. మిగిలింది ఎనిమిది గంటలు.

"ఎనిమిది గంటలంటే నాలుగు వందల ఎనబై నిమిషాలు. ఇరవై ఒకటితోని భాగించు వదినా. చోటుకు ఇరవై మూడు నిమిషాలు. అండ్లనే బస్సు దిగుడు, చెప్పులు ఇడుసుడు, పిలగాండ్లను ఏరుకొచ్చుడు" అని అతను చెబితే అందరూ నవ్వారట. తర్వాత నవ్వు ఆగిపోయింది. పెద్దమ్మ బస్సు దిగి ఒడ్డు దాకా నడిచేసరికే ఆ ఇరవై మూడు నిమిషాలు అయిపోతాయని అందరికీ అర్థమైంది.

ఈ లెక్క ఒక్క నాచారం వారికే కాదు, టూరుకు డబ్బు కట్టబోయే ప్రతి ఇంటికీ పనికొస్తుంది. కరపత్రంలో ఎన్ని చోట్లు ఉన్నాయని కాదు, ఒక్కో చోట బస్సు ఎంతసేపు ఆగుతుందని అడగాలి. సమాధానం నోటి మాటగా కాక కాగితం మీద రాయించుకుంటే ఇంకా మంచిది. "అన్నీ చూపిస్తాం సార్" అన్న మాటకు అర్థం చాలాసార్లు బస్సు కిటికీలోంచి చూపిస్తామనే.

ఏ చోటికి ఎంతసేపు?

ఆర్.కె. బీచ్ ఒడ్డున ఉన్న కుర్సురా జలాంతర్గామినే తీసుకోండి. సోవియట్ దేశంలో తయారై 1969లో మన నౌకాదళంలో చేరిన ఈ ఓడ 1971 యుద్ధకాలంలో పనిచేసింది. 2001లో విశ్రాంతి తీసుకుంది. 2002 నుంచి ఇసుక మీద ప్రదర్శనశాలగా నిలిచింది. పొడవు 91 మీటర్లు. లోపలికి పోతే సందు సందుగా గొట్టాలు, మీటర్లు, ఒకరి మీద ఒకరు పడుకునే మంచాలు, టార్పెడోలు. ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి ద్వారంలోంచి తల వంచి, కాలు ఎత్తి దాటాలి. మోకాళ్ళ నొప్పులున్నవారికి ఇది కష్టం. ముందే చెప్పి బయట కూర్చోబెట్టడం మేలు.

ఇక్కడ గమనించదగ్గ విషయం ఒకటుంది. జలాంతర్గామి లోపల వివరించి చెప్పేవారు నౌకాదళంలో పనిచేసి రిటైరయినవారు. నీళ్ళ అడుగున ఎలా బతికారో, స్నానానికి నీళ్ళు ఎంత పొదుపుగా వాడుకున్నారో వారి నోట వినవలసిందే. టిక్కెట్టు కొన్నవారికి ఆ వివరణ అక్కడే దొరుకుతుంది. దీని కోసం హైదరాబాద్ నుంచి గైడును వెంట తీసుకుపోవలసిన పని లేదు. రోడ్డుకు అవతలివైపు టి.యు.-142 యుద్ధ విమానం ఉంది. ఇరవై తొమ్మిదేళ్ళు సముద్రం మీద కాపలా తిరిగి 2017లో దిగిన విమానమది. ఆ ఏడాది డిసెంబరులోనే ప్రదర్శనశాలగా మారింది. ఈ రెండింటికీ కలిపి రెండు గంటలైనా కావాలి. క్యూ ఉంటే ఇంకా ఎక్కువే.

సింహాచలంలో దర్శనానికి పట్టే సమయం స్వామి చేతిలోనూ క్యూ చేతిలోనూ ఉంటుంది, బస్సు డ్రైవరు చేతిలో ఉండదు. ఏడాది పొడవునా చందనపు పూతలో ఉండే వరాహ లక్ష్మీనృసింహ స్వామి నిజరూపం అక్షయ తృతీయ ఒక్కనాడే కనబడుతుంది. ఆ రోజు జనసముద్రమే. ముసలివారిని వెంటబెట్టుకుని ఆ రోజున పోవడం కన్నా మామూలు రోజున పొద్దున్నే పోవడం సుఖం. కైలాసగిరికి రోప్‌వే ఉంది. పైన శివపార్వతుల పెద్ద విగ్రహాలు, చుట్టూ తిరిగే చిన్న రైలు. పై నుంచి చూస్తే తీరమంతా విల్లులా వంగి కనిపిస్తుంది. పిల్లలున్న ఇంటికి ఇది సాయంత్రం పూట పెట్టుకోదగ్గది. భీమిలి దారిలోని తొట్లకొండ, బావికొండ బౌద్ధ శిథిలాలు తీరిక ఉన్నవారికే. హడావిడిగా పోయినవారికి అక్కడ ఇటుకలు తప్ప మరేమీ కనబడవు.

ఊళ్ళో తిరగడానికి ఆటోలు, సిటీ బస్సులు ఉండనే ఉన్నాయి. 2025 ఆగస్టులో బీచ్ రోడ్డు మీద విద్యుత్తుతో నడిచే రెండంతస్తుల బస్సులు కూడా ప్రారంభమయ్యాయి. ఒకప్పుడు హైదరాబాద్ వీధుల్లో డబుల్ డెక్కర్ ఎక్కిన పెద్దవారికి అవి పాత రోజులను గుర్తుచేస్తాయి. సంగతేమంటే, విశాఖ నగరం వరకు చూసుకోవడానికి మాట తెలిసిన మనిషి ఒకరు వెంట ఉంటే చాలు. భాష తెలుగే. యాస మారుతుంది, అంతే.

అరకు సంగతి వేరు. అక్కడ టూరుకు ఇచ్చిన డబ్బు దండగ కాదు. 1960ల్లో ఇనుప ఖనిజం రేవుకు దింపడానికి వేసిన కొత్తవలస - కిరండూల్ రైలు మార్గం యాభైకి పైగా సొరంగాల్లోంచి కొండలెక్కుతుంది. పొద్దున్నే విశాఖలో బయలుదేరే రైలుకు 2017లో అద్దాల పెట్టె తగిలించారు. పోయేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు బస్సు అనే పద్ధతిలో సాగే టూరులో అనంతగిరి కాఫీ తోటలు, బొర్రా గుహలు, గిరిజన మ్యూజియం దారిలోనే పడతాయి. సొంతంగా పోతే రైలు దిగిన చోట నుంచి ఒక్కో చోటికీ బండి మాట్లాడుకోవాలి. కొత్తవారికి అక్కడ బేరం కుదరడం కష్టం. బొర్రాలో మెట్లు ఎక్కువ, తడికి జారుతాయి కూడా. సున్నపురాయి మీద వేల ఏళ్ళుగా నీరు బొట్టు బొట్టుగా కారి కట్టిన ఆకారాలు అవి. వాటి సంగతి తెలిసిన గైడు చెబితే ఒక రకం, "ఇది శివలింగం, అది ఏనుగు, పదండి పదండి" అంటే ఇంకో రకం.

గైడు అంటే ఎవరు?

చాలా కరపత్రాల్లో "గైడు సౌకర్యం కలదు" అని ఉంటుంది. ఆ గైడు కొన్నిసార్లు బస్సు క్లీనరే. విజిల్ ఊది అందరినీ ఎక్కించడం అతని పని. అది తప్పేమీ కాదు, ఆ పనీ అవసరమే. అయితే దాన్ని గైడు లెక్కలో రాసుకోకూడదు. అతను ఆ ఊరివాడా, లోపలి దాకా వెంట వస్తాడా లేక గేటు దగ్గరే ఆగిపోతాడా అని అడిగితే నిర్వాహకుడి ముఖంలోనే జవాబు దొరుకుతుంది. ప్రవేశ టిక్కెట్లు, రోప్‌వే ఛార్జీ, బొర్రా టిక్కెట్టు టూరు సొమ్ములో కలిసి ఉన్నాయా లేవా అన్నది ఇంకో మెలిక. లేవంటే కుటుంబానికి అక్కడికక్కడ చేతి నుంచి పడేది తక్కువేమీ కాదు. చవక కాగితం చవకగా ఉండటానికి అదే కారణం కావచ్చు. బస్సు చెడిపోతే, రైలు రద్దయితే డబ్బు వెనక్కి ఇస్తారా అనేది రసీదు మీద ఉండాలి. ఆంధ్రప్రదేశ్ పర్యాటకాభివృద్ధి సంస్థ, రైల్వే వారి ఐఆర్‌సీటీసీ కూడా విశాఖ - అరకు యాత్రలు నిర్వహిస్తూ వచ్చాయి. వాటిని ఒకసారి విచారించి, ఆ ధరతో పోల్చి చూసుకున్న తర్వాతే వీధి ఏజెంటుకు అడ్వాన్సు ఇవ్వడం తెలివైన పని.

అలాగని ప్రైవేటు టూరు బస్సులను తీసిపారేయడం న్యాయం కాదు. ఒక్క రోజు సెలవు మించి దొరకని వారున్నారు. వెంట మగదిక్కు లేని ఆడవాళ్ళు, పిల్లలు దూరాన ఉన్న ముసలి దంపతులు ఉన్నారు. పది మందితో కలిసి పోతే వారికి అదొక ధైర్యం. సామాను చూసుకునేవారు, వేళకు అన్నం పెట్టేవారు ఉంటారు. అటువంటి వారు తక్కువ చోట్లు ఉన్న టూరే ఎంచుకోవాలి.

సముద్రం చెరువు కాదు

ఏ కరపత్రంలోనూ రాయని మాట ఒకటుంది. ఆర్.కె. బీచ్, ఋషికొండ, యారాడ తీరాల్లో స్నానానికి దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారి వార్తలు పత్రికల్లో తరచు వస్తూనే ఉన్నాయి. వారిలో దూర ప్రాంతాల నుంచి వచ్చిన యువకులు ఎక్కువగా కనిపిస్తారు. బావిలో, చెరువులో ఈత నేర్చినవాడికి ధైర్యం ఎక్కువ. ఆ ధైర్యమే ముంచుతుంది.

చెరువు నీరు నిలిచి ఉంటుంది. సముద్రపు నీరు ఒడ్డుకు ఎంత బలంగా వస్తుందో అంత బలంగానూ వెనక్కి పోవాలి. కొన్ని చోట్ల అది సన్నటి కాలువలా ఒకే దారిన లోపలికి లాగుతుంది. పై నుంచి చూస్తే అక్కడ కెరటం విరగదు, నీరు మిగతా చోట్ల కన్నా నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తుంది. తెలియనివారు అదే మంచి చోటనుకుని దిగుతారు. కాలి కింద ఇసుక జారిపోతుంది. ఒడ్డుకు ఎదురీదితే ఎంతటి బలవంతుడైనా అలసిపోతాడు. అటువంటప్పుడు ఎదురీదకుండా తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరగాలని, ఆ లాగుడు తప్పాక కెరటంతో పాటు ఒడ్డుకు రావాలని సముద్రం తెలిసినవారు చెబుతారు. ఈత రానివారు మోకాలి లోతు దాటకపోవడమే క్షేమం. ఎర్ర జెండా ఉన్నా, లైఫ్‌గార్డు ఈల వేసినా బయటికి వచ్చేయాలి. పిల్లవాడి చేయి వదిలి సెల్‌ఫోన్‌లో ఫోటో తీసుకోవడం అంతకన్నా ప్రమాదం.

బస్సును చీకటి పడ్డాక బీచ్‌లో ఆపి, అరగంటలో రమ్మని జనాన్ని వదిలేసే టూరు ఎంత చవకైనా మంచి టూరు కాదు. పగటి పూట, జనం ఉన్న చోట, కాపలా ఉన్న చోట ఆపుతారా అన్నది డబ్బు కట్టేముందే అడగవలసిన ప్రశ్న.

చివరికి ఏం చేశారు?

నాచారం బృందం రెండు కాగితాలనూ పక్కన పెట్టింది. రానుపోను రైలు టిక్కెట్లు సొంతంగా తీసుకున్నారు. 1974లో మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రం ఎక్కితే తెల్లవారేసరికి విశాఖ. రాత్రి పడుకుని పోవచ్చు కనుక పెద్దమ్మకు అదే నయమనుకున్నారు. 2023లో ఒకటి, 2024లో ఇంకొకటి వందే భారత్ రైళ్ళు వచ్చాయి. ప్రయాణం తొమ్మిది గంటల లోపే గాని ఛార్జీ ఎక్కువ. పైగా మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో బయలుదేరేది విశాఖ చేరేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. ఆ వేళలో పిల్లలతో లాడ్జి వెతుక్కోవడం కష్టమని మానుకున్నారు. మన ప్రాంతం వారు గుర్తుంచుకోవలసింది ఇంకొకటి. 2025 జనవరిలో చర్లపల్లిలో కొత్త టెర్మినల్ తెరిచాక కొన్ని రైళ్ళు అటు మారాయి. నాచారం, మల్లాపూర్ వారికి అది సికింద్రాబాద్ కన్నా దగ్గర. అయితే టిక్కెట్టు మీద ఏ స్టేషన్ పేరు ఉందో చూసుకోకపోతే బండి ఒక చోట, మనం ఒక చోట అవుతాం.

గురువారం సాయంత్రం బయలుదేరారు. శుక్రవారం నగరం సొంతంగా తిరిగారు. శనివారం ఒక్క రోజుకు మాత్రం అరకు టూరు తీసుకున్నారు. ఆదివారం పొద్దున సింహాచలం, తర్వాత బీచ్, రాత్రికి రైలు. రెండు రోజులు జీతం నష్టం. తలకు అయిన ఖర్చు ఎనిమిది చోట్ల టూరుకు దగ్గర దగ్గరగానే వచ్చింది. మిగిలిందేమీ లేదు. చూసింది మొత్తం ఏడు చోట్లు.

అన్నీ అనుకున్నట్టు జరగలేదు. అరకు నుంచి తిరిగి వచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటింది. ఘాట్ రోడ్డు మలుపుల్లో పిల్లలకు వాంతులయ్యాయి. బొర్రా దగ్గర పెద్దమ్మ మెట్లు చూసి దిగనన్నారు. కోడలు తోడుగా పైనే ఉండిపోయింది. పదకొండు మంది చూడవలసిన చోటును తొమ్మిది మందే చూశారు. అరకులో చలికి ఒక్కరూ స్వెట్టరు తీసుకుపోలేదు. సముద్రానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున్న చోటది. విశాఖ ఉక్కపోత చూసి మోసపోయారు.

ఆదివారం మాత్రం ఏ విజిలూ లేదు. ఒడ్డున తుండుగుడ్డ పరిచి పెద్దమ్మను కూర్చోబెట్టారు. మూడు గంటలు ఆమె అక్కడి నుంచి లేవలేదు. మొదట కెరటం కాళ్ళను తాకగానే భయపడి "ఓ అవ్వా" అన్నారట. తర్వాత నీళ్ళు దోసిట్లో తీసుకుని నాలుకకు తగిలించుకుని, ఇంత ఉప్పా అని ఆశ్చర్యపోయారు. రేవుకు పోయే ఓడ ఒకటి దూరాన కదలకుండా నిలబడి ఉంటే, అది పోయేదాకా చూస్తానని పట్టుబట్టారు. అది పోలేదు. ఓడలు రేవులో చోటు దొరికేదాకా అలాగే లంగరు వేసుకుని ఉంటాయని పల్లీలు అమ్మే కుర్రాడు చెబితే గాని ఆమె లేవలేదు.

ఇప్పుడు వీరి వీధి పక్క వీధి వారు చిట్టీ మొదలుపెట్టారు. వచ్చి సలహా అడుగుతున్నారు. శీతాకాలంలో అరకు రైలు అద్దాల పెట్టెకు సీట్లు త్వరగా నిండిపోతాయి, ముందే టిక్కెట్టు తీయాలని ఫిట్టరు చెబుతున్నాడు. పిల్లలున్న ఇంటివారికి అతను ఇంకో మాట కూడా చెబుతున్నాడు. "ఊరు తిరిగే దినం సోమారం పెట్టుకోకుండ్రి అన్నా. ఆనాడు సబ్‌మెరైన్ బందు."